వీపు వెనుక ఇంజిన్: ఎంపికను శాసించేది గేర్‌బాక్సే

సొంత షెడ్డులో స్పోర్ట్స్ కారు కట్టుకోవాలని పూనుకున్నవారు ఛాసిస్ గొట్టాలను స్వయంగా వెల్డింగు చేసుకోగలరు, అచ్చు తీసి ఫైబర్ బాడీని పోతపోసుకోగలరు, సీటును తమ ఒంటికి తగినట్లు మలచుకోగలరు. ఇంజిన్‌ను మాత్రం ఇంట్లో తయారుచేసుకోవడం దాదాపు అసాధ్యం. అందువల్ల ప్రమాదంలో నుజ్జయినదో, తుక్కుకు చేరవలసినదో అయిన మరో వాహనం నుంచి దానిని తెచ్చుకుంటారు. బ్రిటన్‌లోను, అమెరికాలోను దశాబ్దాలుగా సాగుతున్న ఈ అభిరుచిలో అలా తెచ్చుకున్నదానిని డోనర్ ఇంజిన్ అంటారు.

ఈ కార్లలో అత్యంత ఆకర్షణీయమైనది, అంతే చిక్కైనది మిడ్ ఇంజిన్ కారు. ఇందులో ఇంజిన్ డ్రైవరు వీపు వెనుక, వెనుక యాక్సిల్‌కు ముందు ఉంటుంది. బరువైన భాగమంతా కారు నడిమికి దగ్గరగా చేరడం వల్ల మలుపులో బండి త్వరగా దిశ మార్చుకుంటుంది. నడిపే చక్రాల మీదనే బరువు పడడం వల్ల అవి రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. ఈ అమరికకు ఇంజిన్‌ను వెతికేవారు మొదట అడిగే ప్రశ్న సాధారణంగా హార్స్‌పవర్ గురించే ఉంటుంది. ఈ రంగపు చరిత్రను, యంత్రాల జ్యామితిని కలిపి చూస్తే మాత్రం అసలు ప్రశ్న వేరొకటని తేలుతుంది: ఆ ఇంజిన్ శక్తిని వెనుక చక్రాలకు చేర్చే గేర్‌బాక్సు ఏది, అది ఏ దిక్కుకు తిరిగి కూర్చుంటుంది?

కూపర్ల గ్యారేజీ నేర్పిన పాఠం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1946లో, లండన్ శివారులోని సర్బిటన్‌లో గ్యారేజీ నడుపుతున్న చార్లెస్ కూపర్, ఆయన కుమారుడు జాన్ కూపర్ తక్కువ ఖర్చుతో ఒక రేసు కారును నిర్మించారు. ఫియట్ టొపొలినో అనే చిన్న కారు ముందు భాగాలను రెండింటిని తెచ్చి, ఒకదానిని ముందు, మరొకదానిని వెనుక అమర్చి, 500 సీసీల జాప్ మోటారుసైకిల్ ఇంజిన్‌ను డ్రైవరు వెనుక బిగించారు. ఇంజిన్ వెనుకకు వెళ్లడానికి కారణం ఏ గొప్ప సిద్ధాంతమూ కాదు. మోటారుసైకిల్ ఇంజిన్ తన శక్తిని చైను ద్వారా అందిస్తుంది. ఆ చైను పొట్టిగా ఉండాలంటే ఇంజిన్ నడిపే చక్రాల పక్కనే ఉండక తప్పదు. ఇంజిన్ స్థానాన్ని నిర్ణయించినది దాని బలం కంటే ఆ బలం బయటకు వచ్చే తీరేనన్నమాట.

కూపర్ల కార్లు పెద్దవై, 1958లో రేసు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ అర్జెంటీనా గ్రాండ్ ప్రిని వీపు వెనుక ఇంజిన్ ఉన్న కూపర్‌తో గెలిచేనాటికి, వాటిలోని కొవెంట్రీ క్లైమాక్స్ ఇంజిన్లు ప్రత్యర్థుల ఇంజిన్లతో పోలిస్తే చిన్నవే. అగ్నిమాపక దళాలు వాడే నీటి పంపుల ఇంజిన్లతో పేరు తెచ్చుకున్న సంస్థ అది. ఇంజిన్‌కు వెనుక బిగించిన గేర్‌బాక్సుకు మూలం సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ అనే ఫ్రెంచి కుటుంబ కారులో ఉంది. ఆ కారులో గేర్‌బాక్సు ఇంజిన్‌కు ముందు ఉండి ముందు చక్రాలను తిప్పేది. కూపర్లు దాని దిక్కు మార్చి వెనుకకు చేర్చి, గట్టిపరచుకుని వాడుకున్నారు.

గేర్‌బాక్సుకున్న ప్రాధాన్యాన్ని 1959 ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మరింత స్పష్టం చేసింది. ఆ ఏడాది ఎక్కువ పోటీలలో జాక్ బ్రాభమ్, మాస్ ఇద్దరూ క్లైమాక్స్ ఇంజిన్లున్న కూపర్ కార్లనే నడిపారు. మాస్ కారులో మాత్రం ఇటలీలో ప్రత్యేకంగా చేయించిన కొలొట్టి గేర్‌బాక్సు ఉండేది. మొనాకోలో ముందంజలో ఉండగా ఆయన కారు ట్రాన్స్‌మిషన్ దెబ్బతిని ఆగింది; ఛాంపియన్ ఎవరో తేల్చే చివరి పోటీలో, అమెరికాలోని సెబ్రింగ్‌లో, ఐదు ల్యాపులు పూర్తయ్యేసరికే గేర్‌బాక్సు విఫలమైంది. అదే పోటీ ముగింపులో పెట్రోలు అయిపోయిన కారును గీత దాకా తోసుకుంటూ నాలుగో స్థానంలో వచ్చిన బ్రాభమ్ ఛాంపియన్ అయ్యారు. ఒకే రకం ఇంజిన్లున్న రెండు కార్ల మధ్య తేడాను చూపినది వాటి వెనుక ఉన్న పెట్టె.

దిక్కు తప్పితే వెనక్కి నడిచే కారు

గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఇమిడి ఉంటే దానిని ట్రాన్సాక్సిల్ అంటారు. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగడానికి వీలు కల్పించే గేర్ల సముదాయమే డిఫరెన్షియల్. మిడ్ ఇంజిన్ కారులో ఇంజిన్‌కు, చక్రాలకు మధ్య పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టుకు చోటుండదు కనుక ట్రాన్సాక్సిల్ దాదాపు తప్పనిసరి. ఇంజిన్‌ను పొడవునా అమర్చే కార్లలో ఇది మూడు రకాలుగా కనిపిస్తుంది.

ఆడి, సుబారు వంటి కార్లలో ఇంజిన్ ముందు యాక్సిల్‌కు ముందు, గేర్‌బాక్సు దాని వెనుక ఉంటాయి. ఈ జతను అదే దిక్కుగా వెనుక యాక్సిల్ దగ్గరకు జరిపితే ఇంజిన్ యాక్సిల్‌కు ముందే ఉంటుంది, చక్రాలు సరైన దిశలోనే తిరుగుతాయి. ఏ మార్పూ లేకుండా మిడ్ ఇంజిన్ అమరిక సిద్ధిస్తుంది. సుబారులో నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటును రెండింటికి కుదించుకోవడం మాత్రం అదనపు పని. రెండో రకం ఫోక్స్‌వాగన్ బీటిల్, పోర్షే 911లది. వాటిలో ఇంజిన్ వెనుక యాక్సిల్‌కు కూడా వెనుక వేలాడుతుంది. మూడో రకం రెనో 16 వంటిది. అందులో ఇంజిన్ ముందు యాక్సిల్‌కు వెనుక, గేర్‌బాక్సు ముందు ఉంటాయి. ఈ రెండు రకాలను మిడ్ ఇంజిన్‌గా మార్చాలంటే జతను నూట ఎనభై డిగ్రీలు తిప్పి పెట్టాలి. అలా తిప్పిన వెంటనే చక్రాలు తిరిగే దిశ కూడా తారుమారై, కారుకు వెనక్కి వెళ్లే గేర్లు నాలుగు, ముందుకు వెళ్లేది ఒకటి మిగులుతాయి.

దీనికి విరుగుడు డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరును, అంటే క్రౌన్ చక్రాన్ని, దానిని తిప్పే చిన్న గేరు పినియన్‌కు అవతలి పక్కకు మార్చడం. 1966లో వచ్చిన లోటస్ యూరోపాలో రెనో 16 ఇంజిన్, గేర్‌బాక్సుల జతను తిప్పి పెట్టినప్పుడు ఈ మార్పే చేశారు. అయితే ప్రతి గేర్‌బాక్సు హౌసింగులోను క్రౌన్‌ను అవతలికి మార్చే చోటు ఉండదు. కొనేముందు దానిని విప్పి చూసినవారిని లేదా ఆ నమూనాను ఎరిగిన మెకానిక్‌ను సంప్రదించడం ఎందుకు అవసరమో దీనిని బట్టి తెలుస్తుంది. ఇంజిన్ తిరిగే దిశ కూడా ఇలాంటి చిక్కే. చాలా ఇంజిన్లు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరుగుతాయి. హోండా పాత బి శ్రేణి ఇంజిన్లు దానికి ఎదురు దిశలో తిరుగుతాయి, తరువాతి కె శ్రేణి మాత్రం అందరి బాట పట్టింది. ఒక సంస్థ ఇంజిన్‌ను మరో సంస్థ గేర్‌బాక్సుకు తగిలించాలనుకునేవారు ఈ తేడాను గమనించకపోతే మళ్లీ వెనక్కి నడిచే కారే సిద్ధమవుతుంది.

అడ్డంగా కూర్చున్న మూట

ఇన్ని చిక్కులను ఒక్కసారిగా దాటించిన మార్గం అలెక్ ఇసిగోనిస్ 1959లో రూపొందించిన మినీ కారుతో జనబాహుళ్యంలోకి వచ్చింది. ఇంజిన్‌ను అడ్డంగా పెట్టి, గేర్‌బాక్సును దానికే జతచేసి, మొత్తాన్ని ఒక సబ్‌ఫ్రేముపై మోయించిన ఆ కారులో డిఫరెన్షియల్ ఇంజిన్‌కు వెనుక పడుతుంది. అంటే ఆ మూటను తిప్పకుండా యథాతథంగా కారు వెనుక భాగానికి చేరిస్తే ఇంజిన్ వెనుక యాక్సిల్‌కు ముందు కూర్చుంటుంది. 1967లో బ్రిటన్‌లో వెలువడిన కాక్స్ జీటీఎమ్ అనే కిట్ కారు మినీ ముందు సబ్‌ఫ్రేమునే వెనుక బిగించుకుని ఈ సౌలభ్యాన్ని వాడుకుంది. 1972 నాటి ఫియట్ ఎక్స్1/9 ఫియట్ 128 యంత్రాన్ని, 1984 నాటి టొయోటా ఎమ్ఆర్2 కొరోలా కుటుంబానికి చెందిన 1587 సీసీల 4ఏ-జీఈ ఇంజిన్‌ను ఇదే సూత్రంతో డ్రైవరు వెనుకకు తెచ్చాయి. కర్మాగారాలే అనుసరించిన దారి కనుక ఇంట్లో కారు కట్టుకునేవారికి ఇది అన్నిటికంటే తక్కువ ప్రమాదం గల ఎంపిక.

ఈ పద్ధతిలో మిగిలే పనులు రెండు. ముందు చక్రాలకు ఉన్న స్టీరింగు చేతులు వెనుకకు వచ్చాక స్వేచ్ఛగా కదలకుండా, పొడవు సరిచేసుకోగల కడ్డీలతో వాటిని ఛాసిస్‌కు బంధించాలి. ఆ కడ్డీ కొలత, స్థానం తప్పితే గుంతలో చక్రం లేచినప్పుడల్లా వెనుక భాగం తనంతట తానే దిశ మార్చుకుంటుంది. రెండోది గేరు మార్చే ఏర్పాటు. గేర్ లీవరు నుంచి గేర్‌బాక్సుకు ఇనుప రాడ్డు వెళ్లే నమూనాలలో దానిని ఇంజిన్‌ను చుట్టించి తీసుకువెళ్లడం కష్టం. కేబుళ్లతో పనిచేసే గేర్‌బాక్సయితే వాటిని అవసరమైన దారిలో వంచుకోవచ్చు. ఒకే శక్తి గల రెండు ఇంజిన్లు అందుబాటులో ఉన్నప్పుడు అనుభవజ్ఞులు కేబుల్ గేర్‌బాక్సు ఉన్నదానివైపు మొగ్గు చూపడానికి కారణం ఇదే.

ఎంత బలం చాలు?

లోటస్ ఎలీస్ 1996లో మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని బరువు సుమారు 725 కిలోలు, దానిలోని 1.8 లీటర్ల రోవర్ కె శ్రేణి ఇంజిన్ శక్తి 118 హార్స్‌పవర్. టన్నుకు 160 పైచిలుకు హార్స్‌పవర్ అన్నమాట. దాదాపు 1,200 కిలోల బరువుండే హోండా సివిక్ టైప్ ఆర్ అదే నిష్పత్తిని అందుకోవడానికి 200 హార్స్‌పవర్ అవసరమైంది. తేలికైన కారులో మామూలు ఇంజిన్ కూడా దుడుకుగా పరిగెత్తుతుందని, బరువు పెంచే ఇంజిన్ తాను తెచ్చిన బలంలో కొంత తానే తినేస్తుందని ఈ లెక్క చెబుతుంది. ఇంజిన్ బరువు పెరిగితే దానిని మోసే ఛాసిస్ గొట్టాలు, స్ప్రింగులు, బ్రేకులు, టైర్లు కూడా పెరగక తప్పదు.

ఆ సివిక్‌లోని కె20 ఇంజిన్‌కు ఇంటి నిర్మాతలలో ఉన్న ఆదరణ ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. 1998 సీసీల ఈ అల్యూమినియం ఇంజిన్‌కు ఆరు గేర్ల ట్రాన్సాక్సిల్, కేబుల్ ఏర్పాటు జతగా వస్తాయి. పొగగొట్టం వెనుక వైపు ఉండడం వల్ల మిడ్ ఇంజిన్ కారులో సైలెన్సర్ సహజంగా తన చోటునే చేరుతుంది, గాలి పీల్చే వైపు డ్రైవరు వెనుక చల్లని చోట మిగులుతుంది. బ్రిటన్‌లోని ఏరియల్ ఆటమ్ మొదట రోవర్ ఇంజిన్‌తో వచ్చి తరువాత హోండాకు మారింది. లోటస్ కూడా 2004 నుంచి ఎలీస్‌లో యమహా సహకారంతో రూపొందిన టొయోటా 2జెడ్‌జెడ్-జీఈ ఇంజిన్‌ను వాడింది. 1796 సీసీల ఈ ఇంజిన్ సుమారు 6,200 ఆర్‌పీఎమ్ దాటాక మరో జత క్యామ్ అంచులకు మారి కవాటాలను ఎక్కువగా తెరుస్తుంది. ఇవి రెండూ ఎక్కువ వేగంతో తిరిగి బలాన్నిచ్చే రకం కనుక వాటి టార్కు, అంటే షాఫ్టును తిప్పే మెలి బలం, 200 న్యూటన్ మీటర్ల లోపే ఉంటుంది. అందువల్ల గేర్‌బాక్సు నలిగిపోదు.

దీనికి ఎదురు కొసన అమెరికన్ వీ8 ఇంజిన్లు ఉన్నాయి. 1997 కార్వెట్‌తో వచ్చిన 5.7 లీటర్ల ఎల్ఎస్1 అల్యూమినియం ఇంజిన్ 345 హార్స్‌పవర్‌ను, దాదాపు 475 న్యూటన్ మీటర్ల టార్కును ఇస్తుంది. అంత మెలికను భరించే ట్రాన్సాక్సిళ్లు కొద్దిగానే ఉన్నాయి. పోర్షే జీ50, పాత జెడ్ఎఫ్ వంటివి దొరికినా వాటి ధర ఇంజిన్ ధరను మించిపోవచ్చు. బ్రిటిష్ కిట్ కారు అల్టిమా వీ8 ఇంజిన్‌ను పోర్షే ట్రాన్సాక్సిల్‌తో కలిపి పేరు తెచ్చుకుంది. మెక్‌లారెన్ సంస్థ తన ఎఫ్1 కారును రూపొందించేటప్పుడు అల్టిమా కార్లు రెండింటిని కొని, ఆల్బర్ట్ అని పిలిచిన దానిలో 7.4 లీటర్ల షెవ్రొలే వీ8తో గేర్‌బాక్సును, ఎడ్వర్డ్ అనే రెండోదానిలో బీఎమ్‌డబ్ల్యూ వీ12 ఇంజిన్‌ను వేర్వేరుగా పరీక్షించింది. అపార వనరులున్న సంస్థ కూడా గేర్‌బాక్సును ఒక ప్రత్యేక సమస్యగానే చూసింది.

బైకు ఇంజిన్‌కు తెలియని మలుపు

కూపర్ల తొలి కారు వారసత్వం నేటికీ మోటారుసైకిల్ ఇంజిన్ల రూపంలో కొనసాగుతోంది. 1999లో వచ్చిన సుజుకి హయబుసా 1299 సీసీలతోనే 170కి పైగా హార్స్‌పవర్ ఇచ్చింది. వరుసక్రమంలో పడే గేర్‌బాక్సు ఇంజిన్ పెట్టెలోనే ఉంటుంది కనుక మొత్తం మూట తేలికగా, చిన్నదిగా ఉంటుంది. 1990ల ఆరంభంలో గోర్డన్ ముర్రే రూపొందించిన రాకెట్ అనే సుమారు 400 కిలోల కారు యమహా ఎఫ్‌జెడ్‌ఆర్ 1000 ఇంజిన్‌తో నడిచింది.

అయితే బైకు మలుపులో లోపలికి వాలుతుంది కాబట్టి ఇంజిన్ అడుగున సంప్‌లో ఉండే ఆయిల్ ఎప్పుడూ అడుగునే నిలుస్తుంది. కారు వాలదు; ఆయిల్ ఒక పక్కకు ఎగబాకి, పంపు నోటికి అందకుండా పోతుంది, క్షణాలలో బేరింగులు అరిగిపోతాయి. సంప్‌లో అడ్డుపలకలు బిగించడం లేదా ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచి పంపులతో నడిపే డ్రై సంప్ ఏర్పాటు చేయడం దీనికి పరిష్కారం. బైకుకు రివర్స్ గేరూ, డిఫరెన్షియలూ ఉండవు. వాటిని విడిగా సమకూర్చాలి. తేలికైన బండి కోసం చేసిన క్లచ్ ఆగి ఉన్న కారు బరువును కదిలించేటప్పుడు త్వరగా కాలిపోతుంది. ట్రాక్ మీదకు బైకు ఇంజిన్ చక్కగా ఒదుగుతుంది, ఊరి ట్రాఫిక్‌లో అదే తలనొప్పి అవుతుంది.

నీరు, వేడి, తీగలు

ముందున్న ఇంజిన్ వెనుకకు వెళ్లినా రేడియేటర్ సాధారణంగా ముందే ఉంటుంది కనుక నీటి గొట్టాలు కారు పొడవునా సాగుతాయి. వాటిలో గాలి బుడగ చిక్కుకుంటే నీరు ప్రవహించదు. అందుకే నీరు నింపే ట్యాంకును అన్నిటికంటే ఎత్తున ఉంచి, ఎత్తైన ప్రతి వంపు దగ్గర గాలి తీసే మర అమర్చాలి. రోవర్ కె ఇంజిన్ హెడ్ గాస్కెట్ కాలిపోవడానికి చెప్పే కారణాలలో ఒకటి ఇక్కడ గమనార్హం. ఆ ఇంజిన్‌లో నీరు తక్కువ, థర్మోస్టాట్ చల్లని నీరు లోపలికి వచ్చే చోట ఉంటుంది. పొడవైన గొట్టాలున్న ఎమ్‌జీఎఫ్, ఎలీస్ వంటి కార్లలో అది తెరుచుకోగానే చల్లని నీరు ఒక్కసారిగా వేడి లోహాన్ని తాకుతుందని వివరిస్తారు. డోనర్ కారులో, అంటే ఇంజిన్‌ను తీసుకున్న కారులో, సజావుగా పనిచేసినదల్లా కొత్త చోట అలాగే పనిచేస్తుందనుకోవడం పొరపాటని దీని సారాంశం. టర్బో ఇంజిన్లకు గాలి తగలని వెనుక గదిలో వేడి మరింత పెద్ద సమస్య అవుతుంది.

ఇటీవలి ఇంజిన్లతో మరో చిక్కు వాటి కంప్యూటర్. తాళంచెవిని గుర్తించే ఇమ్మొబిలైజర్, కేబుల్ లేకుండా తీగల ద్వారా పనిచేసే యాక్సిలరేటర్ పెడల్, పొగగొట్టంలోని సెన్సర్లు అన్నీ ఒకదానిని ఒకటి వెతుక్కుంటాయి. ఒక్కటి కరువైనా ఇంజిన్ పలకదు. విడి ఇంజిన్ కొనడం కంటే నడుస్తూ దెబ్బతిన్న పూర్తి కారును కొనడం మేలని చెప్పడం అందుకే. ఇంజిన్, గేర్‌బాక్సు, తీగల మూట, కంప్యూటర్, తాళంచెవి, డ్రైవ్ షాఫ్టులు, ఇంజిన్ మౌంట్లు ఒకేచోట దొరుకుతాయి. విప్పకముందే నడిపి చూసి, ప్రతి సిలిండర్ కంప్రెషన్ కొలిచే అవకాశమూ ఉంటుంది.

చట్టం కూడా ఎంపికలో పాలుపంచుకుంటుంది. బ్రిటన్‌లో 2009 నుంచి అమలులో ఉన్న, ఒక్కొక్క వాహనాన్ని విడిగా పరీక్షించి ఆమోదించే ఐవీఏ తనిఖీలో ఇంటి కారు పొగ పరీక్ష ఇంజిన్ తయారైన కాలాన్ని అనుసరిస్తుంది కనుక ఇంజిన్ వయసును రుజువు చేసే పత్రం విలువైనది. కాలిఫోర్నియాలో ప్రత్యేక నిర్మిత వాహనాలకు పొగ నిబంధనలలో వెసులుబాటునిచ్చే చట్టం ఏటా 500 కార్లకే వర్తిస్తుంది.

భారతదేశంలో పరిస్థితి వేరు. తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువీకరించింది. కొత్త నమూనా ఏదైనా ప్రభుత్వం గుర్తించిన సంస్థ దగ్గర పరీక్షకు నిలవాలి. అందువల్ల ఇక్కడ ఈ విద్య ట్రాక్‌కే పరిమితమైంది, అక్కడ మాత్రం దానికి గౌరవప్రదమైన చరిత్ర ఉంది. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్‌ను డ్రైవరు వెనుక అమర్చి రూపొందించిన ఒంటి సీటు రేసు కారు ఫార్ములా మారుతిగా ప్రసిద్ధమైంది. దేశమంతటా విడిభాగాలు దొరికే ఇంజిన్‌ను ఎంచుకోవడమే ఆ ఆలోచనకు బలం. ఆయన పేరిట ఉన్న కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ వంటి విద్యార్థి పోటీలకు తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల జట్లూ వెళుతుంటాయి. ఆ పోటీల నియమం ప్రకారం పెట్రోలు ఇంజిన్ 710 సీసీలు మించరాదు, పీల్చే గాలి అంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే రావాలి. రంధ్రం బలానికి హద్దు గీయడంతో పెద్ద ఇంజిన్ వల్ల కలిగే లాభం తగ్గిపోతుంది. అందుకే చాలా జట్లు గేర్‌బాక్సును తనలోనే ఇముడ్చుకున్న, తేలికైన 373 సీసీల కేటీఎమ్ 390 ఇంజిన్‌ను ఎంచుకుంటాయి.

విద్యుత్ కార్లు వచ్చినా ఈ తర్కం మారలేదు. ప్రమాదానికి గురైన టెస్లా మోడల్ ఎస్ వెనుక భాగం నుంచి తీసే యూనిట్‌లో మోటారు, విద్యుత్తును మలిచే ఇన్వర్టర్, గేర్లు, డిఫరెన్షియల్ ఒకే మూటగా ఉంటాయి. ఇంటి నిర్మాతలను ఆకర్షిస్తున్నది మోటారు బలంతో పాటు ఆ కూర్పు కూడా. అయితే ఆ కారు బ్యాటరీ ఒక్కటే 500 కిలోలు దాటుతుంది కనుక, 700 కిలోల కారు కట్టాలనుకునేవారు దానిలో కొంత భాగాన్నే తీసుకుని ప్రయాణ దూరాన్ని వదులుకోవలసి ఉంటుంది.

దీనినిబట్టి ఎంపికకు ఒక క్రమం ఏర్పడుతుంది. కారు బరువు ఎంత ఉండాలో, అది రోడ్డు మీదకా ట్రాక్ మీదకా అన్నది మొదట తేల్చుకోవాలి. ఆ తరువాత తిప్పకుండా, క్రౌన్ మార్చకుండా వెనుక యాక్సిల్ దగ్గర ఒదిగే ట్రాన్సాక్సిళ్ల జాబితా వేసుకోవాలి. వాటిలో కేబుల్‌తో గేరు మారేవాటిని, విడిభాగాలు సులువుగా దొరికేవాటిని మిగుల్చుకుని, వాటితో కర్మాగారంలోనే జతకట్టిన ఇంజిన్లను చూడాలి. హార్స్‌పవర్ ప్రశ్న అప్పుడు వస్తుంది. అంతదాకా వచ్చేసరికి మిగిలే ఇంజిన్లు రెండో మూడో కనుక, వాటిలో ఏది ఎంచుకున్నా కారు షెడ్డు దాటి బయటకు వచ్చే అవకాశం ఎక్కువ.